కరెంటు పోతే ఏం చేయాలి

కర్ణాటక బార్డరుకు దగ్గర్లోని తాండూరులో, బస్టాండు పక్కన నిరోషా నడిపే హోటల్లో జొన్నరొట్టెలు చేసేది మిషనే. కరెంటు పోతే ఏం చేయాలో ఆమె ముందే రాసి గోడకు అంటించింది: పెద్దేముల్ నుంచి నలుగురు ఆడవాళ్లను పిలిపించి, కట్టెల పొయ్యి మీద చేతిరొట్టెలు చేయించాలి.

మంగళవారం కరెంటును తీసుకుపోయిన వానే పెద్దేముల్ దారినీ ముంచేసింది. హోటల్లో నలభై మంది ఆకలి మీదున్నారు. గోడ మీది కాగితంలో ఈ ముక్క లేదు.

"పిండి నేను కలుపుత. ఎవ్వలి రొట్టె వాళ్లే కొట్టుకోండ్రి," అంది నిరోషా, ఒళ్లు మండి.

గొర్లు కాసే నర్సప్ప చేతులు కడుక్కుని ముందు కూర్చున్నాడు. బ్యాంకు మేనేజరు చొక్కా చేతులు మడిచాడు. ఆయన రొట్టె మూడుసార్లు చిరిగి, నాలుగోసారి ఒక పక్కకే సాగింది.

"బార్డర్ దాటి కర్ణాటకల పడ్డది సార్. జర గీ దిక్కు గుంజుండ్రి," అన్నాడు నర్సప్ప.

నవ్వీ నవ్వీ నిరోషా పిండిలో నీళ్లెక్కువ పోసింది. అయినా ఎవరూ వెళ్లలేదు.

మర్నాడు కరెంటుంది, మిషను తిరుగుతోంది. మేనేజరు చొక్కా చేతులు మడిచి గడపలోనే నిలబడ్డాడు. వెనక ఇంకో ఇరవై మంది.

"ఇవాళ కరెంటు పోదా అమ్మా?"

నిరోషా అటూ ఇటూ చూసి, వెళ్లి మెయిన్ స్విచ్ దించేసింది.