చివరి పెట్టె వెళ్ళాకే

తొమ్మిదింటికల్లా చిన్నమ్మి తల దువ్వి ముడి వేసుకుని, పాత ల్యాప్‌టాప్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. డ్యూటీ అంటే డ్యూటీయే. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, మోకాళ్ళు రెండూ సమ్మె చేస్తున్నాయి, అయినా ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యదు. పట్టాల పని చేసే గ్యాంగ్‌మేన్ మొగుడు పోయాక రైల్వే ఇచ్చిన ఉద్యోగంలో, కట్నీ లైను గేటు దగ్గర ఇరవై రెండేళ్ళు గేటు వేసి తీసిన మనిషి మరి. రిటైరైన మర్నాడు ఏం చెయ్యాలో తోచక, బిలాస్‌పూర్ క్వార్టరులో వంటింటి తలుపే పదిసార్లు వేసి తీసిందని కొడుకు జయప్రకాష్ ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

ఈ కొత్త డ్యూటీ వేసింది కోడలు భానుప్రియ. కంప్యూటరుకూ దానిలోని వైఫై ముక్కకూ మధ్య రాకపోకలు నడిపే కోడును చురుగ్గా పరుగెత్తించడం ఆమె పని. దాన్నీ డ్రైవర్ అనే అంటారు. గూడ్సు బండి తోలే మొగుడితో కలిపి ఇంట్లో ఇద్దరు డ్రైవర్లన్నమాట. కొత్త కోడు ఎక్కించినప్పుడల్లా చిన్నమ్మి పలాసలో ఉన్న చెల్లెలికి వీడియో కాల్ చేసి అరగంట మాట్లాడాలి. అంతా బాగుంటే, పచ్చ జాకెట్టు గుడ్డతో కుట్టుకున్న జెండా ఎత్తాలి. ఇంత సుఖమైన ఉద్యోగం ఎవరికి దొరుకుతుంది చెప్పండి!

ఇవాళ మాత్రం కోడలి ముఖంలో కళ లేదు. ఈ ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత రకం వైఫై వాడేవాళ్ళు తగ్గిపోయారట. సాయంత్రానికి సరిగ్గా పనిచేస్తుందని చూపించకపోతే దాని కోడును పైవాళ్ళు తీసేస్తారట. అప్పుడు ల్యాప్‌టాప్‌కు పని లేదు, చిన్నమ్మికీ లేదు. మళ్ళీ వంటింటి తలుపు వేస్తూ తీస్తూ బతకడం ఆమె వల్ల కాదు.

చెల్లెలు తెరమీదికొచ్చింది. వంకాయ కూర కబురూ, మరిది నడుం నొప్పి కబురూ స్పష్టంగా వినబడుతున్నాయి. బొమ్మే ఉండుండి ముక్కలై, చెల్లెలి ముక్కు వెళ్ళి చెవి పక్కన కూర్చుంటోంది. మధ్యాహ్నం దాకా వెతికినా భానుప్రియకు తప్పు దొరకలేదు. అన్నం కూడా ముట్టలేదు. డ్యూటీ దిగిన జయప్రకాష్ లోపల నిద్రపోతున్నాడని అత్తాకోడళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. మాట చిన్న మూటల్లో వస్తుందనీ, బొమ్మకు పెద్ద మూటలు కావాలనీ కోడలు చెప్పింది. వేగం కోసం ఏం తీసేశావని అత్త అడిగింది. మూట మొత్తం దిగిందా లేదా అని చూసే రెండు వరుసలు తీసేశానంది. దాదాపు అన్నీ చిన్నవే కదా, ప్రతిసారీ చూడ్డం దండగ అనుకుందట.

కోడలికి వడ్డించబోతున్న చిన్నమ్మి పప్పు గరిటె గిన్నెలో పెట్టేసింది.

“ఎనక పెట్టె సూడకుండా గేటు తీసీసినావేటమ్మా?” అంది. “సిన్న బండ్లకి పరవానేదు. పొడుగు బండి సగం ఎల్లగానే తీసీసినావంటే ఏటవుద్ది? సివరి పెట్టె మీద గుర్తు సూసినాకే తియ్యాల.”

భానుప్రియ “అచ్ఛా!” అంటూ కుర్చీలో కూలబడి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. మూట మొదటి ముక్కలోనే చివరి గుర్తు కనబడితే తిన్నగా పంపెయ్యడం, కనబడకపోతే మిగతా ముక్క వచ్చేదాకా ఆగడం. అంతే.

నాలుగింటికి చెల్లెలి ముక్కు దాని చోటికి వచ్చింది. అరగంట కదల్లేదు. చిన్నమ్మి లేచి నిలబడి జెండా ఎత్తింది. మోకాళ్ళ సంగతి ఆ నిమిషం గుర్తే లేదు.

కోడు పంపేటప్పుడు పరీక్షించినవాళ్ళ పేరు కింద రాయడం ఆ పనివాళ్ళ ఆచారం. భానుప్రియ అత్త పేరు రాసింది. ఇంగ్లీషులో అది ఎంత పొడుగుందో చిన్నమ్మి వేలితో కొలిచి చూసుకుంది.

“నా సర్వీసు బుక్కులో కూడా ఇంత నీటుగా రాయనేదు,” అని మురిసిపోయింది.

ఆ కోడు ఉంచారు. మరో పది నెలలు చిన్నమ్మి ఒక్కరోజు కూడా డ్యూటీ తప్పలేదు. మాఘమాసంలో ఓ రోజు కాల్ ముగించి, జెండా ఎత్తి, భోంచేసి, చిన్న కునుకు తీస్తానని ఒరిగిన మనిషి మరి లేవలేదు. భానుప్రియ చాలా రోజులు ఏడ్చింది. ఇప్పుడు పలాసకు కాల్ ఆమే చేస్తుంది.

ల్యాప్‌టాప్ పక్కన పచ్చ జాకెట్టు గుడ్డ జెండా చుట్టి ఉంది, గుప్పిట పట్టే చోట మాత్రం రంగు వెలిసింది.