రెండో హాలు వరస

పదకొండు గంటలకే గోడ నిండిపోయింది. ఏడింటి నుంచి క్యాంటీన్ పక్క గదిలో నిలబడి చీటీలు అంటిస్తున్న తియానకు కాళ్ళు పీకుతున్నాయి, అయినా కూర్చోబుద్ధి కావడం లేదు. రాగి కర్మాగారానికి కొత్త వెబ్‌సైట్ కావాలట. పాతదానిలో పదకొండు వందల పేజీలున్నాయి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఉంచినదాన్ని ఎక్కడ పెట్టాలి అన్నది తేల్చడం ఆమె పని. నాలుగు నెలల ఒప్పందం, నెలకు తొంభై వేల దినార్లు. అందులో మూడో వంతు ఇంటి అద్దెకే పోతుంది.

ఏది ఎక్కడుండాలో ఆఫీసులో కూర్చుని ఊహిస్తే కుదరదు, చూసేవాళ్ళనే అడగాలి. అందుకని వారం రోజులుగా గేటు దగ్గర కనబడిన ప్రతి మనిషినీ పట్టుకుని పేజీల పేర్లు రాసిన చీటీలు చేతికిచ్చి, కావలసినవి ఏరమంది. కంపెనీ పెద్దలు మురిసిపోయే ‘మా దార్శనికత’ చీటీని ఒక్కడూ ముట్టుకోలేదు. సైట్‌కు వచ్చే పదిమందిలో నలుగురు తిన్నగా వెళ్ళేది చావు కబుర్ల పేజీకి.

ఆ పేజీ లూబింకది. గేటు గదిలో ముప్పై ఏళ్ళుగా రిజిస్టరు రాస్తున్న మనిషి ఆవిడ. ఊళ్ళో ఎవరు పోయినా నల్ల అంచు కాగితం మీద ఫోటో, వయసు వేయించి స్తంభాలకూ తలుపులకూ అంటిస్తారు. కర్మాగారం మనిషైతే గేటుకూ ఒక కాగితం వస్తుంది. దాన్ని లూబింక సైట్‌లోనూ పెడుతుంది, ఎవరూ చెప్పకుండానే, పద్దెనిమిదేళ్ళుగా. మొత్తం రెండు వందల పన్నెండు మంది.

అక్షరాల వరసలో పెడితే సరిపోదా అని తియాన మొన్న అడిగితే లూబింక నవ్వింది.

“అసలు పేర్లు ఎవరికి తెలుసే తల్లీ? ఇరవయ్యేళ్ళు పక్కపక్కన పన్జేసి కూడా పొడుగోడు, మీసాలోడు అనే పిల్చుకుంటారు. ఎవడన్నా పోయాడని తెలిస్తే అడిగేదొక్కటే, ఏ హాలోడు అని. హాళ్ళ ప్రకారం పెట్టు.”

తియాన అలాగే పెట్టింది. మనిషికొకటి, పైనుంచి కిందికి, వేలెడు వెడల్పు చీటీ మీద పేరు, వయసు. ఆఫీసు వరస ఆమె గడ్డం దగ్గర ఆగింది. రవాణా వాళ్ళది నడుము దాకా వచ్చింది. రాగి కరిగించే రెండో హాలు వరస నేలను తాకింది.

ఆమె వయసులు పోల్చి చూసింది. ఆఫీసులో డెబ్బై తొమ్మిది, ఎనభై ఒకటి, డెబ్బై నాలుగు. రెండో హాలులో యాభై రెండు, నలభై తొమ్మిది, యాభై ఐదు, నలభై ఏడు. ఆమె భర్త మియోద్రాగ్‌కు నలభై ఐదు. పందొమ్మిదేళ్ళుగా రెండో హాలులోనే చేస్తున్నాడు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు ఎక్కాలి.

“ఇన్నాళ్ళూ నువ్వు చూడలేదా పిన్నీ?” అని పక్కనే నిలబడ్డ లూబింకను అడిగింది.

“ఒక్కొక్కటే పెట్టానే. ఒక్కొక్కడికీ ఏడ్చాను కూడా. ఇట్లా వరసగా ఎప్పుడు చూశాను?” అంటూ లూబింక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకోలేదు.

ఒంటిగంటకు డైరెక్టర్ వెలిమిర్ కాఫీ కప్పుతో వచ్చి గోడంతా మెచ్చుకున్నాడు. నేల దాకా దిగిన వరస దగ్గర ఆయన మెప్పు ఆగిపోయింది.

“ఇదేమిటి?”

“జనం ఎక్కువగా చూసేదండీ. మొదటి పేజీలోనే కనబడాలి.”

“కనబడనీండి, వద్దన్నానా? అక్షరాల వరసలో పెట్టండి. ఈ వయసులూ, హాళ్ళూ ఎందుకు? పోయినవాళ్ళందరూ సమానమే కదా.”

వాళ్ళు బతికున్నప్పుడు మాస్కులు సరిగ్గా పంచని మనిషి, వాళ్ళు చచ్చాక సమానత్వం మాత్రం ధారాళంగా పంచుతున్నాడు.

“అట్లా పెడితే వాళ్ళ మనిషి వాళ్ళకి దొరకడండీ.”

“వెతుక్కుంటారు. రెండింటి షిఫ్టు వాళ్ళు తిండికి రాకముందే ఈ వరస తీసేయండి. మీ ఒప్పందం ఇంకో ఏడాది పొడిగించమని నేనే రాయబోతున్నాను, తెలుసుగా?”

తియాన కుర్చీ ఎక్కింది. అన్నిటికన్నా పై చీటీ అంచును గోటితో లేపింది కూడా. రోజూ తెల్లారగానే వంటగది బల్ల పట్టుకుని మియోద్రాగ్ దగ్గే దగ్గు గుర్తొచ్చింది. సిగరెట్ల వల్లేనే, మానేస్తాలే అనేవాడు. ఆమె నమ్మేది. నమ్మినందుకు ఇప్పుడు తనమీద తనకే ఒళ్ళు మండింది. లేచిన అంచును మళ్ళీ బొటనవేలితో గట్టిగా అదిమింది.

“తీయనండీ.”

“ఏమన్నారు?”

“తీయను. కావాలంటే మీరే తీసుకోండి. పైవి అందవు, ఇదిగో కుర్చీ.” దిగి, కుర్చీని ఆయన వైపు జరిపింది. అద్దె సంగతి అప్పుడే బుర్రలో తిరగడం మొదలైంది.

వెలిమిర్ కుర్చీ వంక చూశాడు గాని ఎక్కలేదు. క్యాంటీన్‌లో పళ్ళేల చప్పుడు మొదలైంది. లూబింక వెళ్ళి గది తలుపు బార్లా తెరిచింది.

బీన్స్ పులుసు గిన్నె పట్టుకుని మియోద్రాగ్ లోపలికొచ్చాడు. “ఏమే, తిన్నావా?” అంటూనే గోడ చూశాడు. “మా హాలే!” గిన్నె కిటికీ గట్టు మీద పెట్టేశాడు. “మిలుతిన్‌కి యాభై రెండేనా? అరవై దాటాయనుకున్నానే. ఒరేయ్, ఇటు రండ్రా.”

వెనక ఒకరొకరే చేరారు. ఎవరి పులుసు వాళ్ళ గిన్నెలోనే చల్లారుతోంది.

“ఇది కేవలం వెబ్‌సైట్ పని అని వీళ్ళకు చెప్పండి” అన్నాడు వెలిమిర్, గొంతు తగ్గించి.

“వెబ్‌సైట్ పనేనండీ. మనిషి దేనికోసం వస్తాడో దాన్ని కళ్ళకి కనబడేచోట పెట్టడం” అంది తియాన, అందరికీ వినబడేట్టు.

మియోద్రాగ్ ఒక్కో చీటీ మీద వేలు పెట్టి చదువుకుంటూ దిగుతున్నాడు. వరసతోపాటు అతనూ వంగాడు, ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండింటి సైరన్ మోగింది.

“పదరా, సైరన్ మోగింది” అన్నారెవరో వెనక నుంచి.

“వినబడింది.” అతను తల తిప్పలేదు. “ఇంకా పదకొండు మంది ఉన్నారు. చదవనీండి.”