రంపానికి పళ్ళు తోమడం

"పళ్ళు తోమావా?"

పొద్దున్నే మా ఆయన నన్ను అడిగే మొదటి మాట ఇది. కొత్తగా విన్నవాళ్ళు పిల్లల గురించి అనుకుంటారు. ఆయన అడిగేది రంపం గురించి. మోటారు రంపం గొలుసుకి ఉండే పళ్ళు ఒక రోజు కోతకే మొద్దుబారతాయి. సన్నటి ఆకురాయి తీసుకుని ఒక్కో పన్నునీ ఒకే వాలులో రుద్దాలి. ఒకవైపు పళ్ళు ఎక్కువ అరిగితే రంపం కోతలో పక్కకి లాగేస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆయన "కాస్త దీనికి పళ్ళు తోమి పెట్టవూ" అని నవ్వుతూ అడిగారు. నేనూ నవ్వుతూనే చేశాను. తర్వాత నవ్వు పోయింది, పని ఉండిపోయింది.

చెట్లు కొట్టి, దుంగలు కోసి మిల్లుకి వేయడం మా బతుకుతెరువు. మా పుట్టింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేను. ఆ డిగ్రీ ఇక్కడ రంపంతో పాటు వచ్చిన పుస్తకం చదవడానికి పనికొచ్చింది. "చదువుకున్నదానివి కదా, వాడేం రాశాడో చూడు" అని ఆయన దాన్ని నా ఒళ్ళో పడేశారు. చదివాను. పెట్రోల్లో ఆయిలు ఎంత కలపాలో, గొలుసు ఎంత బిగించాలో, చెట్టు పడాల్సిన వైపు ముందుగా గాటు ఎలా పెట్టాలో నేర్చుకున్నాను. దుంగలకి కొలత గీయడం, కొమ్మలు కొట్టడం, బండికెత్తేటప్పుడు రెండో చివర పట్టడం కూడా నావే. ఎవరైనా అడిగితే ఆయన "మా ఆవిడ కాస్త సాయం చేస్తుంది" అంటారు. అత్తగారు ఆ మాత్రం కూడా ఒప్పుకోరు. "వాడు ఎండలో చెట్టుతో కుస్తీ పట్టి వస్తాడు. నువ్వు నీడన కూర్చుని రుద్దడమేగా తల్లీ!"

ఒకసారి గొలుసు ఆయనే ఎక్కించారు, తిరగేసి. పళ్ళన్నీ వెనక్కి చూస్తున్నాయి. రంపం ఎంత అరిచినా చెట్టు మీద గీత పడలేదు, పొగ మాత్రం వచ్చింది. తోట యజమాని, ఆయన మనుషులు అందరూ చూస్తున్నారు. "ఇదండీ మా ఇంటి పనితనం! పళ్ళు తోమమంటే పౌడరద్ది వదిలేసింది" అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. నేను పళ్ళు రుద్దడానికన్నట్టు రంపాన్ని బండి చాటుకి తీసుకెళ్ళి, గొలుసు విప్పి సరిగ్గా ఎక్కించి తెచ్చిచ్చాను. ఈసారి సర్రున దిగింది. "చూశావా? అంతా పట్టుకునే చేతిలో ఉంటుంది" అన్నారు. నాకు కోపం కూడా రాలేదు. చెట్టు పడాలి, పొద్దు గూకేలోగా ఇంటికి పోవాలి, అంతే అనుకున్నాను.

ఈ ఏడు ఆయన కుడి భుజం చెడింది. అదిరే మిషను ఇంకెప్పుడూ పట్టుకోవద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. మరి కోసేదెవరు అని ఇంట్లో ఎవ్వరూ అడగలేదు. కంచాలు తీస్తూ అత్తగారు మాత్రం "అమ్మాయి సాయం చేస్తుందిలేరా" అన్నారు. అంతటితో తేలిపోయింది. ఆ మర్నాటి నుంచి పాత రంపం నా చేతికొచ్చింది. అది పొడవు, బరువు, ముక్కు కిందికి వాలిపోతూ ఉంటుంది. మధ్యాహ్నానికి నా వేళ్ళు తెల్లగా పాలిపోయేవి. సాయంత్రం మా పాప గౌనుకి గుండీ పెట్టబోతే గుండీ ఎక్కడుందో వేళ్ళకి తెలియలేదు. "అమ్మా, నీకు గుండీలు రావా?" అంది పాప. చివరికి ఆ రంపమే ఒకరోజు మొరాయించి ఆగిపోయింది. కొత్తది కొనడానికి ఇద్దరం కొట్టుకెళ్ళాం. దారి పొడుగునా ఆయన ఒకటే మాట, దానికన్నా పెద్దది తీసుకోవాలని.

కొట్టాయన ఇద్దరికీ కుర్చీలు వేశాడు, మాట్లాడింది మా ఆయనతోనే. "మీ పర్సనాలిటీకి ఇదీ సార్!" అని అన్నిటికన్నా పొడుగు బ్లేడున్నది బల్ల మీద పెట్టాడు. ఆయన దాన్ని ఎడం చేత్తో నిమిరారు. కుడి చెయ్యి లేవదు. కొట్టాయనకి నేనప్పుడు గుర్తొచ్చాను. "మేడమ్‌కి సరదాగా ఉంటే ఇదిగోండి, చిట్టి రంపం. పెరట్లో కొమ్మలు కత్తిరించుకోవచ్చు."

ఆ రెండిటికీ మధ్య, అరలో, ఇంకొకటి ఉంది. లేచి దాన్ని తీశాను. నా నడుం ఎత్తున పట్టుకుంటే ముక్కు వాలలేదు. పిడికి, ఇంజనుకి మధ్య రబ్బరు దిమ్మలున్నాయి, అదురు చేతుల దాకా అంతగా రాదు. పిడి వదలకుండానే ముంజేతితో తోస్తే గొలుసుని ఆపే బ్రేకు పడింది. మేం కొట్టేవి చాలావరకు రెండు చేతులతో వాటేసుకోగలిగే చెట్లు. వాటికి ఈ పొడవు చాలు. కాస్త లావుగా ఉంటే అటునుంచి కొంత, ఇటునుంచి కొంత కోసుకోవచ్చు.

"నలుగురిలో ఏంటిది, కూర్చో" అన్నారు మా ఆయన గొంతు తగ్గించి. తర్వాత పెంచి, "అటూ ఇటూ కానిది ఎవడు కొంటాడండీ!" అన్నారు.

"సార్ చెప్పింది కరెక్టే" అని నవ్వి కొట్టాయన పెద్దదాన్ని ముందుకి జరిపాడు. "ఇంతకీ రోజూ కోసేది ఎవరు సార్? మీరేనా, మనుషుల్ని పెట్టారా?"

ఆయన నోరు తెరిచారు. ఏమంటారో నాకు తెలుసు. పెద్ద రంపం ఇంటికొస్తుంది, నేను దాన్ని ఎవరూ చూడకుండా ఏ చాటుకో తీసుకెళ్ళి ఎలాగో సర్దుకుంటాను. పాప గుండీలు అత్తగారు పెడతారు.

నేను చేతిలోది కింద పెట్టలేదు.

"నేను కోస్తాను" అన్నాను. "ఆయన కాస్త సాయం చేస్తారు."

కొట్టాయన మా ఆయన వైపు చూశాడు. "ఏం సాయం సార్?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

నేనే చెప్పాను.

"పళ్ళు తోముతారు. నీడన కూర్చుని రుద్దడమేగా."