విశ్వేశ్వరరావు గారి తొమ్మిదో స్లైడు

విశ్వేశ్వరరావు గారికి బీదల ఆరోగ్యమంటే ప్రాణం. కాకపోతే ఆ బీదలు ఇంగ్లండ్ వాళ్లయి ఉండాలి, పోయి వందేళ్లు దాటి ఉండాలి. మన కెనడాలో కూడా ఉన్న లండన్ ఊళ్లో, ఆయన సొంత బేస్‌మెంట్‌లో ఊపిరాడక దగ్గేవాళ్లు లెక్కలోకి రారు.

ఆ బేస్‌మెంట్‌లోనే అద్దెకుంటూ కాలేజీకి పోయే వర్షకి ఈ ప్రేమ సంగతి బాగా తెలుసు. తెలుగు సంఘంలో ఆ బీదల మీద ఆయన ఇచ్చే ఉపన్యాసానికి స్లైడ్లు చేసేది ఆ పిల్లే మరి! కింద ఇద్దరే ఉంటున్నారని భార్య దమయంతి గారికి చెప్పాడు పెద్దమనిషి. ఉన్నది ఆరుగురు. మోకాళ్ల నొప్పితో ఆవిడ మెట్లు దిగి మూడేళ్లయింది. ఈయనా దిగడు, ప్యాంటుకి బూజంటుకుంటుందట. ఇంట్లో వేడి పోతోందని ఉన్న ఒక్క కిటికీకి చెక్క కొట్టించింది కూడా ఫోన్లోనే.

ఆ ఆరుగురిలో సాత్విక రెండు నెలలుగా దగ్గుతోంది. ఆ గదికి గాలి తగలకపోతే మందులు వేసుకుని లాభం లేదని క్లినిక్‌లో డాక్టర్ తేల్చేసింది.

"అంకుల్, ఆ కిటికీ తీయించండి. సాత్వికకి ఊపిరాడట్లేదు," అని వర్ష నాలుగోసారి అడిగింది.

"చలి తగ్గాక చూద్దాంలేమ్మా. అది సరే, మురికివాడ ఫోటో దొరికిందా? చూడగానే జనానికి కడుపు తరుక్కుపోవాలి."

వర్షకి ఒళ్లు మండిపోయింది. ఇల్లు ఖాళీ చేసి పొమ్మంటే పొమ్మననీ అనుకుంది.

"దొరుకుతుంది అంకుల్," అంది.

శనివారం మధ్యాహ్నం హాలు నిండింది. ముందు వరసలో దమయంతి గారు. ఈయన సూటు గుండీలు పెట్టుకుని రెచ్చిపోయాడు. "ఆ రోజుల్లో ఇన్‌స్పెక్టర్ తలుపు తట్టి మనుషుల్ని లెక్కపెట్టేవాడండీ! మనిషికింత గాలి అని రూలు. తక్కువైతే ఓనర్ పని అయిపోయినట్టే!"

తొమ్మిదో స్లైడు పడింది. నలుపు తెలుపు బొమ్మ. నేల మీద పరుపులు, గోడ నిండా బూజు, చెక్క కొట్టిన కిటికీ, గది మధ్య అడ్డంగా వేలాడుతున్న పాత గుడ్డ. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశాడు. సొంత ఇల్లని తెలిస్తే ఒట్టు!

"చూశారా, పశువుల్ని కూడా ఇలా ఉంచరు. ఈ ఇంటి ఓనర్ మనిషేనా అసలు?"

జనం అయ్యయ్యో అన్నారు. దమయంతి గారు మాత్రం లేచి తెర దగ్గరికి నడిచింది. ఆ గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చ. పెళ్లయిన కొత్తలో తన చేత్తో కాల్చుకున్న మచ్చ అది.

"ఏమండీ, ఇది నా గద్వాల చీర. బీదవాళ్లకి ఇచ్చానన్నారే!"

ఆయన గబుక్కున వర్ష వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నెక్స్ట్ స్లైడ్!" అని అరిచాడు.

"నెక్స్ట్‌ది కూడా మన బేస్‌మెంటే అంకుల్."

దమయంతి గారు మొగుడి మొహం వైపు చూడనైనా చూడలేదు. వర్ష చెయ్యి పట్టుకుంది.

"పదవే. సుత్తి ఎక్కడుందో నాకు తెలుసు. ఇవాళ మెట్లు దిగుతాను."