జల్లెడ దిగింది

పిండి జల్లిస్తుంటే వెనక అత్తగారు ఫోనులో ఎవరితోనో అంటున్నారు. "మా కోడలా? ఇట్టే కలిసిపోయిందమ్మా మాలో! ఇంట్లో ఉందో లేదో కూడా తెలీదు."

పొగడ్తే అనుకోవాలి. పన్నెండేళ్లుగా ఆ కోడలు అలాగే అనుకుంటూ వచ్చింది. పొద్దున్నే అందరికీ డబ్బాలు కట్టి, ఆ చేతులతోనే ల్యాబుకెళ్లి మట్టి జల్లిస్తుంది. ఇంట్లో పిండి, అక్కడ మట్టి. చదివిన చదువంతా జల్లెడ పాలు.

"ఆ రిపోర్టు మీద సంతకం పెట్టి పారెయ్యి," అన్నాడు భర్త, టీ గ్లాసు గట్టు మీదే వదిలేస్తూ. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి! ఉద్యోగం పోతే తెలిసొస్తుంది."

మట్టిలో కలిసిపోతాయంటూ ఓ కంపెనీ తయారుచేసిన నారుమొక్కల సంచుల మీద రిపోర్టది. ఆర్నెల్లు మట్టిలో పాతి, తీసి, రెండు మిల్లీమీటర్ల కన్నాల జల్లెడ పట్టాలి. పైన మిగిలితే ప్లాస్టిక్కు, కిందికి దిగితే లేనట్టే. ఇదీ నియమం. పైన ఏమీ మిగల్లేదు. ఆమెకే మనసొప్పక, కింద పడిన మట్టిని చిటికెడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఎక్కడ చూసినా తెల్లటి ప్లాస్టిక్కు రేకులే. ఆ మట్టిలో వేసిన ఇరవై వానపాముల్లో పదకొండే బతికాయి. మామూలు మట్టిలో ఇరవైకి ఇరవై ఉన్నాయి.

"అందులో చూడమని నిన్నెవరడిగారమ్మా?" అన్నారు నిన్న ల్యాబులో పెద్దసారు. "జల్లెడ దిగిపోయిందిగా! 'కలిసిపోయింది' అని రాసి సంతకం పెట్టు. రేపటికి కావాలి. నీకు చేతకాకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు." ఆ మాటకి రాత్రంతా నిద్రపట్టలేదు. భయమేసింది, నిజమే. సారుకి ఏం జవాబు చెప్పాలో తోచకపోవడం అంతకంటే బాధపెట్టింది.

"ఏమిటే, జల్లెడ పట్టుకుని ఆ పరధ్యానం?" ఫోను పెట్టేసి వచ్చారు అత్తగారు. "పైన మిగిలిన పొట్టు పారేసి కిందిది కలుపు. కిందికి దిగిందేగా మనం తినేది!"

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అత్తయ్యా, ఇంకోసారి అనండి."

"ఏమన్నానే తల్లీ!" అంటూ బిత్తరపోయారావిడ.

ఆమెకి నవ్వాగలేదు. ఇంత చదివినవాళ్లకి తట్టనిది పిండి కలిపేవాళ్లకి తెలుసు!

ఆ రోజు రిపోర్టులో రాసింది: "సంచి కలిసిపోలేదు. కంటికి ఆననంత చిన్న ముక్కలై మట్టిలోనే ఉంది." వానపాముల లెక్క కూడా వేసి, కింద సంతకం పెట్టింది. చదివి పెద్దసారు మొహం మాడ్చుకున్నారు.

"ఇవన్నీ ఎవరు నేర్పారు నీకు?"

"మా అత్తగారండీ."

"కంటికే కనపడనిదానికి ఇంత గొడవేంటమ్మా?"

"కనపడనంత మాత్రాన లేనట్టా సార్?" అంది. కాగితం వెనక్కి తీసుకోలేదు. "కుర్చీ సంగతి రేపు చూద్దాం," అన్నారాయన.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పొద్దుటి గ్లాసు గట్టు మీదే ఉంది, అడుగున టీ ఎండిపోయి. దాన్ని తీసుకెళ్లి భర్త ముందు పెట్టింది.

"సంతకం పెట్టావా?" అన్నాడు, గ్లాసు వంక అయోమయంగా చూస్తూ.

"పెట్టాను. నేను రాసినదాని కింద."

అవతలి గదిలో అత్తగారి ఫోను మళ్లీ మొదలైంది. "మా కోడలా? ఇట్టే కలిసిపో..."

"లేదత్తయ్యా," గుమ్మంలో నిలబడి అంది ఆమె, "నేనింకా ఉన్నాను."