ఎనిమిది పిన్నీసులు

“నంబరు కాగితానికి నాలుగు మూలలా నాలుగు పిన్నీసులు పెట్టు. కిందటిసారి మూడే పెట్టావు, దారంతా వీపు మీద టపటపా కొట్టుకుంది,” అన్నారు మా ఆయన, మంచం దిగకుండానే.

వంటింటి బల్ల మీద రెండు జెర్సీలు బోర్లా పరిచాను. రెండూ ఒకే నీలం. ఒకటి ఆయనది. రెండోది ఆయన పాతది, పక్కలు లోపలికి కుట్టుకుని నేను వేసుకునేది. ఆయన నంబరు రెండు వందల పన్నెండు, నాది రెండు వందల పదమూడు. నంబరు కాగితం వెనక సన్నటి చిప్ అంటించి ఉంటుంది. బయలుదేరే గీత దాటగానే, చివరి గీత దాటగానే సమయం అదే పట్టుకుంటుంది. మనిషి మొహం ఎవరూ చూడక్కర్లేదు. పిన్నీసులు గుచ్చుతుంటే అత్తయ్య కళ్లజోడు కనబడలేదన్నారు, వెతికిచ్చాను. పాలు పొంగాయి, పొయ్యి తుడిచాను. మధ్యాహ్నానికి కూర తరిగి పెట్టాను. మళ్లీ పిన్నీసులు. పందేనికి ముందు కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలని మా సైకిలు క్లబ్బులో చెబుతారు. ఆయన ఇచ్చారు.

పద్దెనిమిది కిలోమీటర్లు. ముప్పై రెండు నిమిషాల్లోపు వస్తే వచ్చే నెల పెద్ద పందెంలో ఆడవాళ్ల జట్టులో చోటు. “రాకపోతే నీ సైకిలు తమ్ముడికిచ్చేద్దాం. పొద్దుటిపూట నువ్వు ఇంట్లో ఉంటే అమ్మకు ఆసరా,” అన్నారు ఆయన వారం కిందట. కసిరి చెప్పలేదు, మంచినీళ్లు అడిగినట్టు చెప్పారు. సరేనన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

ఆడవాళ్లను ముందు వదిలారు, అర నిమిషానికి ఒకరిని. ఇందులో గుంపు ఉండదు. పక్కన ఎవరూ ఉండరు, గడియారంతోనే పోటీ. సగం దూరం ఎదురుగాలి. తొడలు మండాయి, నోట్లో ఇనుము రుచి తగిలింది, అయినా లోపల ఎక్కడో హాయిగా ఉంది. కాసేపటికి అదేమిటో తెలిసింది. నన్ను ఎవరూ పిలవడం లేదు. చివరి గీత దాటి చేతి గడియారం చూసుకుంటే ముప్పై ఒక్క నిమిషాలు. నాకు నేనే నవ్వుకున్నాను.

మగవాళ్ల వంతులో మా ఆయన వచ్చి హ్యాండిల్ మీద వాలిపోయారు. “కాళ్లు రాళ్లయిపోయాయి,” అన్నారు. ఆయన సైకిలుకున్న మీటరు ముప్పై నాలుగు నిమిషాలు చూపించింది. పావుగంటకు ఇద్దరి ఫోన్లకూ ఫలితాలు వచ్చాయి. ఆయనకు ముప్పై ఒకటి. నాకు ముప్పై నాలుగు.

ఆయన మీటరునీ ఫోన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత తేరుకున్నారు. “ఈ మీటరు పాడైనట్టుంది. నాకు దారిలోనే అనిపించిందిలే, ఇవాళ ఊపు మీదున్నానని.”

“నా గడియారంలో ముప్పై ఒకటి కనబడిందండీ.”

“ముల్లు సరిగ్గా చూసుండవు. సైకిలెక్కితే నీకు లోకం తెలీదుగా!”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

మధ్యాహ్నం బట్టలు నానబెట్టబోతూ పిన్నీసులు తీస్తున్నాను. హాల్లో ఆయన ఫోన్లో గొంతు పెంచి మాట్లాడుతున్నారు. “అమ్మాయ్, వాడు ఎవరికో ఫోన్లోనే సైకిలు తొక్కడం నేర్పేస్తున్నాడు,” అన్నారు అత్తయ్య గుమ్మంలోంచి. మూడో పిన్నీసు దగ్గర నా చెయ్యి ఆగింది. పక్కలు లోపలికి కుట్టిన జెర్సీ అది. దాని మీదున్నది రెండు వందల పన్నెండు.

నాకు అర్థం కాలేదు. రెండోది తీసి చూశాను. మళ్లీ మొదటిది చూశాను. పదకొండేళ్లుగా రక్తపరీక్షల గదిలో గొట్టాలకు చీటీలు అంటిస్తున్నదాన్ని. “ఈవిడ చేతిలో చీటీ తప్పదు,” అని వచ్చినవాళ్లకు చెబుతారు డాక్టరుగారు. పై హోదా మాట ఎత్తితే, “చీటీలు అంటించడానికి హోదా ఎందుకమ్మా,” అంటారు. అలాంటి చెయ్యి ఇంట్లో తప్పింది. కళ్లజోడు దగ్గర తప్పిందో, పాల దగ్గర తప్పిందో. సరే, చెయ్యి తప్పింది. కళ్లకేమైంది? నా గడియారం ముప్పై ఒకటి అంది, ఆయన మీటరు ముప్పై నాలుగు అంది. రెండూ నిజమే చెప్పాయి. ఇద్దరం వాటిని కాదని ఫోన్నే నమ్మాం. తీపిగా ఉంది కాబట్టి ఆయన నమ్మారు. నేను చేదుగా ఉంది కాబట్టి నమ్మాను. ఇదొక్కటేనా? నాకు దారులు గుర్తుండవంటే నమ్మాను. నాకు కోపం ఎక్కువంటే, కోపం వచ్చిందో లేదో చూసుకోకుండానే నమ్మాను. అందులో ఏవి నావి, ఏవి నా వీపుకు గుచ్చినవి? కూర్చుని వేరు చేద్దామంటే కొస దొరకడం లేదు. ఒకవేళ గడియారమే తప్పేమోనని, ఆ కాగితం చేతిలో ఉండగానే, ఇంకోసారి అనిపించింది కూడా.

“ఏమోయ్, తమ్ముడు రేపు సాయంత్రం వస్తానన్నాడు. సైకిలు కాస్త తుడిచి ఉంచు,” అన్నారు ఆయన హాల్లోంచి.

బట్టలు తొట్టి పక్కనే వదిలేసి వెళ్లాను. జెర్సీలు రెండూ ఆయన ముందు పరిచాను, నంబర్లు పైకి కనబడేట్టు. ఆయన ముందు నంబరు చూశారు, తర్వాత పక్క కుట్లు చూశారు. ఫోను మెల్లగా కిందికి దిగింది.

“అంటే... నాలుగు పిన్నీసులు పెట్టడం కూడా చేతకాలేదా నీకు?”

“అవును. తప్పు నా చేతిదే.”

ఆయన ఫోను పక్కన పెట్టేశారు. “ఇప్పుడేమంటావ్? పందెంవాళ్లకు చెప్పి దిద్దించాలా?”

“చెబుతాను. కానీ మా గదిలో చీటీ తారుమారైతే కలంతో దిద్దం. ఏం జరిగిందో రాసి, ఇద్దరినీ పిలిచి, వాళ్ల కళ్లముందే మళ్లీ రక్తం తీస్తాం. రేపు పొద్దున్నే అదే రోడ్డు మీద ఇద్దరం మళ్లీ తొక్కుదాం. కూర నేను తరగను.”

గుమ్మంలో అత్తయ్య కళ్లజోడు సరిచేసుకున్నారు. నా గుండె పొద్దుట ఎదురుగాలిలో కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది. రేపు ఎన్ని నిమిషాలు పడుతుందో నాకు తెలియదు. నాలుగు పిన్నీసులు విప్పి ఆయన అరచేతిలో పోశాను.

“మీ నంబరు మీరే పెట్టుకోండి.”