చదివితే వచ్చిన కుక్క

దుమ్ముగూడెం నుంచి అడవిలోకి పోయే మట్టి రోడ్డు మీద, తునికిపాడు అనే ఊళ్లో, ఒక సబ్‌సెంటర్ ఉండేది. కమ్లి అక్కడ నర్సు. తిరుమలాయపాలెం పక్క తండాలో పుట్టి, పది పాసై, ట్రైనింగ్ చేసి, ఎనభై రెండులో ఆ ఉద్యోగంలో చేరింది. పొద్దున లేవగానే కిరసనాయిలు స్టవ్ మీద సూదులు మరగబెట్టేది. మలేరియా మాత్రలు సంచిలో వేసుకుని గూడేలన్నీ తిరిగేది. ఎండ వాలాక వచ్చి, ఇంత వండుకుని తిని, వసారాలో చాప వేసుకుని కథలు రాసుకునేది.

ఆమె వెనకాల ఎప్పుడూ భూర్యా ఉండేవాడు. తండా నుంచి బుట్టలో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్న కుక్కపిల్ల. మట్టి రంగు. కాస్త పెద్దయ్యాక, ఎవరో పందులకు పెట్టిన ఉచ్చులో ముందుకాలు పడి విరిగింది. కమ్లి వెదురు బద్దలు కట్టి మాన్పింది కానీ ఆ కాలు పొట్టిదైపోయింది. కుంటుకుంటూనే ఆమె వెంట వాగులు దాటేవాడు. ఒంటి నిండా నెత్తురు తాగే గోమార్లు. వానలో తడిసి ఇంట్లోకి వచ్చి విదిలించుకుంటే గోడల మీద బురద చుక్కలు. ఆమె కాన్పు చేయడానికి ఎక్కడికి పోయినా గుడిసె బయట పడుకుని, లోపల బిడ్డ ఏడ్చేదాకా లేచేవాడు కాదు.

ఎనభై నాలుగు వానాకాలంలో భూర్యాను కట్లపాము కరిచింది. సబ్‌సెంటర్ వెనక మోదుగ చెట్టు కింద కమ్లి స్వయంగా గుంట తీసి పూడ్చింది. తర్వాత చాలా రోజులు ఎవరైనా కుక్క ఏదని అడిగితే వేరే మాట ఎత్తేది. చివరికి కూర్చుని వాడి మీద ఒక కథ రాసింది. కథలో చావు రాయలేదు. కుంటితనం కూడా రాయలేదు. ఆమెకు వాడు పరుగెత్తితే చూడాలని ఉండేది, అందుకని నాలుగు కాళ్లూ బాగున్న కుక్కను రాసి హైదరాబాదులో ఒక వారపత్రికకు పంపింది.

ఆ పత్రిక తునికిపాడుకు ఒక్క చోటికే వచ్చేది. జైరాం టీ హోటలుకి. బస్సు డ్రైవరు కట్ట విసిరేసి పోతే, జైరాం పొయ్యి పక్కన కూర్చుని పైకి చదివేవాడు. చదువు రానివాళ్లంతా బల్లల మీద కూర్చుని వినేవాళ్లు. కమ్లి కథ వచ్చిన రోజు అట్లాగే చదువుతున్నాడు. రెండో పేజీ తిప్పుతుండగా భూర్యా రోడ్డు దాటి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడ్డాడు. వినేవాళ్లు కాళ్లు ముడుచుకుని చోటిచ్చారు. జైరాం చదవడం ఆపలేదు. పూర్తయ్యాక ఎవరో పోయి కమ్లికి చెప్పారు, నీ కుక్క వచ్చింది, కోళ్లున్న ఊరు, కట్టేసుకో అని.

కమ్లి పరుగున వచ్చి వాడి మెడ పట్టుకుని ఏడ్చింది. తర్వాత ముక్కు ఆనించి చూసింది. కుక్క వాసన లేదు. బొచ్చులో ఒక్క గోమారి లేదు. ఒళ్లు వెచ్చగానూ లేదు, చల్లగానూ లేదు. అన్నం పెడితే గిన్నె వంక చూసేవాడు, తినేవాడు కాదు. వాన కురిస్తే వాడి మీద పడేది గానీ వెంట్రుక తడిసేది కాదు. మొరిగేవాడు కాదు. కథలో ఎంత రాసిందో అంతే చేసేవాడు. ఆమె వెంట నడిచేవాడు, గుడిసెల బయట పడుకునేవాడు, గట్టు మీద పరుగెత్తేవాడు. అయినా కమ్లికి అదే చాలనిపించింది. ఊళ్లోవాళ్లు వాడిని రాసిన కుక్క అనడం మొదలుపెట్టారు, మామూలు కుక్కల నుంచి వేరుగా గుర్తుపట్టడానికి.

ఎండాకాలంలో పత్రికవాళ్లు అదే కుక్కతో ఇంకో కథ అడిగారు. ఈసారి పిల్లలు చదివేటట్టు ఉండాలన్నారు. కమ్లి ఆలోచించి ఒక పిల్లను కల్పించింది. అడవిలో ఒక పెంకుల బడి ఉంటుంది. సాయంత్రం అక్కడ గంట కొట్టగానే కుక్క ఊరి చివర కల్వర్టు మీదికి పోయి కూర్చుంటుంది. పలక పట్టుకుని ఒక పిల్ల అడవి దారిన వస్తుంది. ఇద్దరూ పొద్దుగూకేదాకా కూర్చుంటారు. అంతే కథ. ఆ పిల్లకు పేరు పెట్టలేదు.

జైరాం ఆ కథ చదివిన నాటి నుంచి భూర్యా కమ్లి వెంట రావడం మానేశాడు. సాయంత్రం అయితే కల్వర్టు మీద కూర్చుని అడవి వైపు చూసేవాడు. ఊరి పిల్లలు వచ్చి పిలిస్తే తల తిప్పేవాడు కాదు. అటువైపు బడి లేదు. ఆ దారిన అట్లాంటి పిల్ల వచ్చేది లేదు. కమ్లి సంచి భుజాన వేసుకుని పక్కనుంచి పోతూ ఒకటికి రెండుసార్లు పిలిచి, పలక్కపోతే పోయేది.

అడవి లోపలి గూడెం నుంచి నాగక్క అనే ఆవిడ జైరాం హోటలుకు విస్తర్ల కోసం అడ్డాకులు తెచ్చేది. మొగుడు లేడు. జంపక్క అని ఏడెనిమిదేళ్ల కూతురు. ఒకరోజు తల్లి ఆకులు లెక్క అప్పజెప్పుతుంటే ఆ పిల్ల కల్వర్టు దాకా పోయింది. భూర్యా లేచి నిలబడి తోక ఊపాడు. తిరిగి వచ్చిన తర్వాత వాడు తోక ఊపడం అదే మొదలు.

మర్నాటి నుంచి జంపక్క రోజూ సాయంత్రం అడవి దారిన ఒంటరిగా వచ్చి కుక్క పక్కన కూర్చునేది. చేతిలో పలక ఉండేది. ఆ పలక ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. చూసినవాళ్లు, రాసిన కుక్కకు తోడు దొరికిందని అనుకున్నారు. కమ్లికి కూడా మొదట సంతోషమే అయింది.

తొలకరి వానలు పడ్డాయి. ఒక సాయంత్రం కమ్లి గూడెం నుంచి తడుస్తూ తిరిగి వస్తోంది. జోరుగా వాన. కల్వర్టు మీద కుక్కా, పిల్లా కూర్చుని ఉన్నారు. దగ్గరికి వచ్చి చూస్తే ఇద్దరి మీదా వాన పడుతోంది. పిల్ల జుట్టు పొడిగా ఉంది. గౌను పొడిగా ఉంది. వేళ్లకు బలపం పొడి అంటి ఉంది, అది కూడా కరగలేదు. కమ్లి ఆ చెయ్యి పట్టుకుంది. వెచ్చగా లేదు. చల్లగా లేదు.

మరునాడు పొద్దునే నాగక్క సబ్‌సెంటరుకు వచ్చింది, పిల్లను ముందు పెట్టుకుని.

"నర్సమ్మా, పిల్ల బువ్వ తింటలేదు. ఏందే అంటే బడికాడ తిన్న అంటది. మా దిక్కు బడి ఏడున్నది?"

కమ్లి పిల్ల కళ్లు చూసింది, నాలుక చూసింది, కడుపు నొక్కి చూసింది. జ్వరం లేదు, కామెర్లు లేవు. తూకం మిషను మీద నిలబెట్టింది. ముల్లు కదల్లేదు. మిషను పాడైందేమోనని తాను ఎక్కి చూసింది, బాగానే ఉంది. మళ్లీ పిల్లను ఎక్కించింది. ముల్లు సున్నా మీదనే ఉంది. నాగక్క ఆ ముల్లు వంక చూసి, పిల్లను దింపి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

కమ్లి ఆ రోజు గూడేలకు పోలేదు. కూర్చుని ఇంకో కథ రాసింది. పొద్దుగూకింది, పిల్ల కుక్కను వదిలి ఇంటికి పోయింది, తల్లి తలుపు తీసి అన్నం పెట్టింది, పిల్ల కడుపు నిండా తిన్నది అని. పత్రికలో వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. కాగితాలు పట్టుకుపోయి జైరాంను చదవమంది. అతను చదువుతుండగానే కల్వర్టు మీద జంపక్క లేచింది. నాగక్క, కమ్లి వెంట నడిచారు. పిల్ల గూడెం దారి పట్టలేదు. దారి తప్పి ఒక బీడు చెలకలోకి పోయి, మధ్యలో నిలబడి, లేని తలుపు తట్టింది. కాసేపాగి లోపలికి అడుగు పెట్టినట్టు పెట్టి, కింద కూర్చుని, ఖాళీ చెయ్యి నోటి దగ్గరికి తీసుకుపోతూ ఉంది. పైకి చూసి ఎవరితోనో నవ్వింది. నాగక్క వెనక నిలబడి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. పిల్ల వినలేదు.

కమ్లి నాగక్క ఇల్లు ఎన్నడూ చూడలేదు. తనకు తోచిన ఇల్లు రాసింది. ఆ మాటే చెప్పి, రేపు మీ గూడెం వచ్చి, నీ ఇల్లు చూసి, ఉన్నది ఉన్నట్టు రాస్తాను అంది.

నాగక్క వద్దంది. "నా బిడ్డను ఇంక రాయకమ్మా. నువ్వు రాసినకొద్దీ నాకు తక్కువైతంది. కుక్కను రాసుకో. అది నీది."

కమ్లి ఇంటికి వచ్చి చాలాసేపు స్టవ్ ముందు ఊరికే కూర్చుంది. తర్వాత కాగితాలు తీసి భూర్యాను మొదటి నుంచి రాసింది, ఈసారి దేన్నీ దిద్దకుండా. ఉచ్చులో పడ్డ కాలు రాసింది. గోమార్లు, తడిసిన బొచ్చు కంపు, గోడల మీద బురద, కోడిని ఎత్తుకొచ్చి మంచం కింద దాచడం, పోస్టుమాన్‌ను చూస్తే ఊరుకోకుండా మొరగడం, అన్నీ రాసింది. ఆఖరి పేజీ మరునాడు మధ్యాహ్నానికి గానీ పూర్తి కాలేదు.

ఆ సాయంత్రం ఆ కాగితాలతో కల్వర్టు దగ్గరికి వచ్చింది. జైరాం హోటలు వదిలి వచ్చాడు. టీ తాగుతున్నవాళ్లు గ్లాసులతోనే వచ్చారు. నాగక్క రోడ్డు పక్కన గడ్డిలో కూర్చుంది. మబ్బు పట్టి ఉంది, ఇంకా వెలుతురుంది. కమ్లి నిలబడి చదవడం మొదలుపెట్టింది.

కాలు విరిగిన చోటు చదివేసరికి భూర్యా ముందుకాలు కొంచెం కొంచెంగా పైకి లేచి, పొట్టిదై, వాడు ఒక పక్కకు ఒరిగాడు. వాసన వచ్చింది, ముందు కమ్లికే తగిలింది. వాడు కూర్చుని చెవి గోక్కున్నాడు. గుంపులో పోస్టుమాన్ ఉన్నాడు, అతన్ని చూసి గట్టిగా మొరిగాడు. తర్వాత కుంటుకుంటూ వచ్చి, కమ్లి పాదం మీద గదుమ ఆనించి పడుకున్నాడు. వెచ్చగా ఉంది. గుండె కొట్టుకోవడం పాదానికి తెలుస్తోంది.

ఆఖరి పేజీ మిగిలింది. కమ్లి కాగితం వంక చూసింది, కుక్క వంక చూసింది. ఇప్పుడు వాడు నిజంగా వాడే. ఇక్కడితో ఆపేస్తే ఇట్లాగే ఇంటికి తీసుకుపోవచ్చు, పిల్ల మాత్రం కల్వర్టు మీదనే ఉండిపోతుంది. ఆమె ఆ పేజీని మడిచింది.

"ఇయ్యాల్టికి చాలు" అంది.

నాగక్క పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. జంపక్క కల్వర్టు మీద నుంచి దిగి వచ్చింది. ఆమె నడిస్తే బురదలో అడుగు పడటం లేదు. కమ్లి చేతిలో కాగితం అంచు పట్టుకుంది. కమ్లి వెంటనే వదల్లేదు. పిల్ల లాగలేదు, అట్లా పట్టుకునే నిలబడింది. కాసేపటికి కమ్లి వేళ్లు వదిలాయి.

బడి ముఖం చూడని పిల్ల ఆ మడత విప్పి, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ, పైకి చదివింది.

"కట్టెల మోపులో పాము ఉన్నది. వాడు మూతి పెట్టాడు. నా దగ్గర పాము మందు లేదు. ఒళ్లో పడుకోబెట్టుకుని ఉన్నాను. తెల్లవారుజామున ఎక్కడో పసిబిడ్డ ఏడుపు వినబడింది. భూర్యా లేవబోయాడు. లేవలేక నా ముఖం చూశాడు. అంతటితో పోయాడు."

చదవడం అయ్యేసరికి కమ్లి పాదం మీద బరువు ఇంకా ఎక్కువైంది. ఆమె కిందికి చూడలేదు. చినుకులు మొదలయ్యాయి. జంపక్క చేతిలో కాగితం తడిసింది, సిరా జారి వేళ్ల మీదికి వచ్చింది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. ఆమె ఒక్కసారి వణికి చుట్టూ చూసింది.

"అవ్వా, ఆకలైతంది" అంది.

జైరాం హోటల్లో పొద్దుటి అన్నం ఉంటే పెట్టాడు. తిన్నది కక్కింది, మళ్లీ పెట్టమంది. నాగక్క ముద్దలు చేసి ఇస్తూనే ఉంది. ఇవతల కమ్లి, పోస్టుమాన్ కలిసి భూర్యాను మోసుకుపోయి మోదుగ చెట్టు కింద, పాత గుంట పక్కన, ఇంకో గుంట తీశారు. ఈసారి గోమార్లు చేతుల మీదికి పాకాయి. కమ్లి వాటిని దులుపుకోలేదు.

పిల్ల కోలుకోవడానికి ఆ వానాకాలమంతా పట్టింది. ఆకలి వచ్చింది, బరువు వచ్చింది, ఒకసారి మలేరియా కూడా వచ్చింది. చదువు మాత్రం పోలేదు. తునికిపాడు బడి హెడ్మాస్టరు వెంకటరామారావు పుస్తకం ఇచ్చి చదివించి చూసి, ఇదివరకు ఏ బడి అని నాగక్కను అడిగాడు. అడవిల బడి అని చెప్పింది. ఆయన నాలుగో తరగతిలో చేర్చుకున్నాడు. ఆ గూడెంలో అక్షరం వచ్చిన మొదటి మనిషి జంపక్కే. తొంభైల్లో టీచరు ట్రైనింగ్ చేసి, బోయినపాడు వైపు ఉద్యోగంలో చేరింది.

ఆ పిల్ల ఇంకా చిన్నగా ఉన్నప్పుడే కమ్లి ఒకసారి అడిగింది, ఆ అడవిల బడిల నీకు చదువు ఎవరు చెప్పిండ్రు అని.

"టీచరుకు మొఖం లేకుండె నర్సమ్మా" అంది జంపక్క, ఎక్కాలు రాసుకుంటూనే. "గొంతు మాత్రం నీదే."

కమ్లి తర్వాత పెనుబల్లికి బదిలీ అయింది. అక్కడా కథలు రాసింది. కుక్కను మళ్లీ పెంచలేదు, కుక్క మీద మళ్లీ రాయలేదు. కానీ ఏ కథ మొదలుపెట్టినా, రాయడానికి కూర్చునే ముందు గడప బయట ఒక గిన్నెలో అన్నం పెట్టేది. ఎందుకని పక్కింటివాళ్లు అడిగితే, ఎవరొస్తరో ముందే తెలవదు కదా అనేది. వాళ్లు సరేనని తలూపేవాళ్లు. పొద్దున చూస్తే గిన్నె కడిగినట్టు ఖాళీగా ఉండేది. ఆమె దాన్ని బోర్లించి, సూదులు మరగబెట్టడానికి స్టవ్ వెలిగించేది.